సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో పాత వ్యాన్ల ఇంధన సమస్యలే ఎక్కువగా ఉన్నందున, వాటిలో నాలుగింటిని ఎంచుకుని ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా వ్యాను 1998లో తయారైన పెట్రోలు బండి. కార్బురేటర్ లేదు, ఇంజెక్షన్ రకం. కొన్ని నెలలుగా ఉదయం పూట చాలాసేపు సెల్ఫ్ కొడితే తప్ప స్టార్ట్ అయ్యేది కాదు. నాలుగు రోజుల నుంచి అసలు అందుకోవడమే లేదు. కీ ఆన్ చేసినప్పుడు వెనక ట్యాంకులోంచి పంపు శబ్దం రెండు సెకన్లపాటు వినిపిస్తోంది. పంపు మోగుతోంది కాబట్టి అది బాగున్నట్టేనని, ఇంజెక్టర్లు మార్చాలని ఒక మెకానిక్ చెబుతున్నారు. ఇంకొకరు పంపే మార్చమంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. పంపు మోగుతోందంటే లోపలి మోటారు తిరుగుతోందని మాత్రమే అర్థం. అది పెట్రోలును తోస్తోందో లేదో, తోసిన పెట్రోలు తగినంత ప్రెషర్‌తో ఇంజెక్టర్ల దాకా చేరుతోందో లేదో ఆ శబ్దాన్ని బట్టి తేలదు. పంపు లోపల అరిగిపోయినా, పంపు నుంచి ట్యాంకు మూత దాకా వచ్చే చిన్న గొట్టం ట్యాంకులోనే చిట్లి తోసిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకే కారిపోతున్నా, ఫిల్టరు పూడిపోయినా బయటికి శబ్దం దాదాపు మామూలుగానే వినిపిస్తుంది. అలాగని పంపే పోయిందని గేజి పెట్టి చూడకుండా తీర్మానించడం కూడా తొందరపాటే.

అసలు తప్పు ఇంధనం దగ్గరే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. అన్నిటికంటే మొదట ట్యాంకులో కనీసం 5 లీటర్ల కొత్త పెట్రోలు పోయండి. ఈ సలహా చూసి నవ్వుకునేవారు ఉంటారని తెలుసు. కానీ పాత వ్యాన్లలో ట్యాంకులోని తేలే బుడ్డి ఇరుక్కుని, ఖాళీ ట్యాంకును పావు వంతు నిండినట్టుగా ముల్లు చూపించడం అంత అరుదేమీ కాదు. రెండు ట్యాంకులున్న వ్యాన్లలోనైతే మార్పిడి వాల్వు ఖాళీ ట్యాంకు వైపే ఉండిపోయిందేమో కూడా చూడాలి. ఆ తర్వాత పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, వెంటనే ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. అది పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం సిలిండరులోకి చేరుతున్నట్టే కాబట్టి, వెతకవలసింది స్పార్కు వైపు, లేదా పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు మునిగిపోవడానికి దారితీసిన కారణం వైపు. ప్లగ్గు పూర్తిగా పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదన్న అనుమానానికి ఆధారం దొరికినట్టు. ఆపై స్పార్క్ టెస్టరుతో స్పార్కు వస్తోందో లేదో చూసి, ఎయిర్ ఫిల్టరు గొట్టం వదులుచేసి, ఒక్క సెకను మాత్రం స్టార్టింగ్ స్ప్రే లోపలికి కొట్టి, గొట్టం మళ్లీ బిగించిన తర్వాతే సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ రెండు మూడు సెకన్లు మండి ఆగిపోయిందంటే స్పార్కు, కంప్రెషన్, టైమింగు మూడూ సరిగ్గానే ఉన్నట్టు, లోటు పెట్రోలుదే అయినట్టు. ఈ పరీక్ష పెట్రోలు ఇంజన్లకే పరిమితం; డీజిల్ సంగతి మూడో ఉత్తరంలో వివరించాం.

స్పార్కు కూడా రాకపోతే పంపు జోలికి వెళ్లకండి. ఇంజెక్షన్ వ్యాన్లలో ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సరు నుంచి సంకేతం అందకపోతే కంప్యూటరుకు ఇంజన్ తిరుగుతున్న సంగతే తెలియదు. కీ ఆన్ చేయగానే ఆ రెండు సెకన్లు మాత్రం పంపును నడిపించి ఆపేస్తుంది, స్పార్కు ఇవ్వదు, ఇంజెక్టర్లను తెరవదు. అంటే మీరు విన్న రెండు సెకన్ల శబ్దం, సెన్సరు చెడిపోయిన బండిలో కూడా అచ్చంగా అలాగే వినిపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదులుతోందా, పంపు ఆ సమయంలో కూడా నడుస్తూ ఉందా అన్నది ఇంకొకరి సాయంతో గమనిస్తే ఈ విషయం చాలావరకు తేలిపోతుంది.

స్పార్కు ఉండి, స్ప్రేతో ఇంజన్ మండిందనుకుందాం. ఇప్పుడు ప్రెషర్ గేజి కావాలి. ఆ పనికి ముందు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి పైకి పోకుండా నేలమీదే, గుంటల్లో పేరుకుంటుంది. అందుచేత మూసిన షెడ్డులో కాకుండా ఆరుబయట పనిచేయాలి, వేడెక్కే బల్బు దీపాలు వాడకూడదు, మంటలార్పే సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి. స్టార్ట్ కాని బండి అయినా గొట్టాల్లో ప్రెషర్ మిగిలి ఉండవచ్చు. పంపు ఫ్యూజు తీసి కాసేపు సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాత జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి మెల్లగా వదులుచేయాలి.

చాలా వ్యాన్లలో ఇంజెక్టర్ల రైలు (ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోలు పంచే గొట్టం) మీద, టైరు వాల్వును పోలిన చిన్న పరీక్షా వాల్వు ఉంటుంది; గేజిని దానికే తగిలించవచ్చు. అది లేకపోతే గొట్టం మధ్యలో టీ జాయింటు పెట్టుకోవాలి. ఎంత ప్రెషర్ రావాలన్నది ఇంజెక్షన్ రకాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు ఉన్న వాటిలో సాధారణంగా 2.5 నుంచి 3.5 బార్ వరకు, అంటే సుమారు 36 నుంచి 50 పీఎస్ఐ వరకు ఉంటుంది. థ్రాటిల్ బాడీ (ఇంజనులోకి గాలి పోయే ద్వారం) మీద ఒకటో రెండో ఇంజెక్టర్లు ఉన్న పాత రకంలో 1 బార్ ఉంటే చాలు. దీనికి భిన్నంగా, 1996 నుంచి జనరల్ మోటార్స్ వారి పెద్ద వ్యాన్లలో వచ్చిన వోర్టెక్ ఇంజన్లకు 60 నుంచి 66 పీఎస్ఐ కావాలి. వాటిలోని ఇంజెక్టరు కొనలు ప్రెషర్‌తోనే తెరుచుకునే రకం కాబట్టి, వేరే ఇంజనుకు చాలిన 50 పీఎస్ఐ ఉన్నా అవి మొరాయిస్తాయి. అందుచేత గేజి చూసే ముందు మీ ఇంజనుకు తయారీదారు చెప్పిన అంకె ఎంతో మాన్యువల్లో చూసుకోండి. అంకె తెలియకుండా గేజి పెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు.

కీ ఆన్ చేసి, పంపు ఆగిన తర్వాత ముల్లు ఎక్కడిదాకా వెళ్లింది, ఎంతసేపు అక్కడ నిలిచింది అనే రెండింటినీ రాసుకోండి. ముల్లు తగినంత ఎత్తుకు వెళ్లి వెంటనే జారిపోతుంటే ప్రెషర్ మూడు దారుల్లో ఒకదానినుంచి తప్పించుకుంటోంది: పంపులోని వెనక్కి రానివ్వని వాల్వు, ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటరు, లేదా కారుతున్న ఇంజెక్టరు. రిటర్న్ గొట్టం (మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి పంపేది) ఉన్న వ్యాన్లలో రబ్బరు గొట్టాన్ని నొక్కే క్లాంపుతో వీటిని విడదీయవచ్చు. ప్రెషర్ ఎక్కించిన వెంటనే రిటర్న్ గొట్టం నొక్కితే ముల్లు నిలబడిందా, తప్పు రెగ్యులేటరుది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం నొక్కితే నిలబడిందా, తప్పు పంపు వాల్వుది. రెండూ నొక్కినా జారుతోందంటే ఏదో ఇంజెక్టరు కారుతోంది. ప్లాస్టిక్ గొట్టాలను మాత్రం ఇలా నొక్కకండి, పగిలిపోతాయి. రెగ్యులేటరుకు ఉన్న సన్నని వాక్యూమ్ గొట్టం ఊడదీసినప్పుడు అందులో పెట్రోలు తడి కనిపిస్తే లోపలి డయాఫ్రం చిరిగినట్టే. దానికి ఇక వేరే పరీక్ష అక్కరలేదు.

ముల్లు అసలు ఎక్కకపోతేనో, సగం దాకా మాత్రమే ఎక్కితేనో, పంపు నడుస్తుండగా రిటర్న్ గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి వదలండి. ప్రెషర్ ఒక్కసారిగా పైకి ఎగిసిందంటే పంపులో సత్తువ ఉంది, రెగ్యులేటరే తెరుచుకుపోయింది. ఎగియలేదంటే పంపు, ట్యాంకులోని జల్లెడ, ఫిల్టరు, గొట్టాలు అనుమానితులు. పంపు మార్చడానికి ముందు ఫిల్టరు మార్చి మళ్లీ కొలవండి. ప్రెషర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన పరిమాణం సరిపోతుందని కూడా అనుకోకూడదు. దాదాపు పూడిపోయిన ఫిల్టరు వెనక, ఇంజన్ పెట్రోలు తాగనంతసేపు గేజిలో పూర్తి ప్రెషరే కనిపించవచ్చు. గొట్టాన్ని కొలత డబ్బాలో పెట్టి పంపును నడిపిస్తే, చాలా ఇంజెక్షన్ పంపులు అర నిమిషంలో సుమారు అర లీటరు ఇవ్వాలి.

మీ ఉత్తరంలో అసలు ఆనవాలు ఆ కొన్ని నెలల ఉదయపు బాధ. రాత్రంతా నిలబడ్డాక గొట్టాల్లో ప్రెషర్ పోయి, ప్రతి ఉదయం పంపు మొదటినుంచి నింపవలసి వచ్చేదన్నమాట. క్రమంగా ఆ నింపే శక్తి కూడా తగ్గి ఇప్పుడు పూర్తిగా ఆగిపోయిందంటే నా అనుమానం పంపు మీదికే పోతుంది. ఇంజెక్టర్ల మాట అంత నమ్మశక్యంగా లేదు. ఒకటి పూడిపోతే ఇంజన్ కుంటుతుందే తప్ప, అన్నీ ఒకే వారంలో కూడబలుక్కుని పూడిపోవు. అయినా గేజి అంకె చూసేదాకా నా అనుమానానికి కూడా ఆ ఇద్దరు మెకానిక్‌ల మాటకున్నంత విలువే ఇవ్వండి.

ప్రశ్న: మా పెట్రోలు వ్యానులో పంపు శబ్దమే రావడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. పంపు ప్లగ్గు దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తోంది. కరెంటు వస్తున్నా తిరగడం లేదు కాబట్టి పంపు మార్చేయవచ్చునా?

జవాబు: ఆ 12 వోల్టులను నమ్మి నేను ఒకసారి మోసపోయాను. ట్యాంకు దింపి, కొత్త పంపు వేసి, మళ్లీ ఎక్కించిన తర్వాత కూడా ఆ వ్యాను నిశ్శబ్దంగానే ఉండిపోయింది. చివరికి చూస్తే ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ తీగ కొన తుప్పుకు పొడిపొడి అయిపోయి ఉంది. మీటరు తీసుకునే కరెంటు అతిస్వల్పం కాబట్టి, ఒకే ఒక్క రాగి పోగు మిగిలిన తీగలోంచి కూడా అది పూర్తి 12 వోల్టులు చూపగలదు; అదే తీగ మీద పంపుకు కావలసిన నాలుగైదు ఆంపియర్ల బరువు పడగానే వోల్టేజి కూలిపోతుంది. అందుచేత పంపు ప్లగ్గును తీసి, దాని రెండు కొనల మధ్య 21 వాట్ల ఇండికేటరు బల్బును పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. బల్బు ప్రకాశవంతంగా వెలిగితే కరెంటూ ఎర్త్ రెండూ బాగున్నాయి, పంపు పోయినట్టే. మసకగా వెలిగితే బల్బు ఎర్త్ కొనను బాటరీ నెగటివ్‌కు వేరే తీగతో నేరుగా కలిపి చూడండి; అప్పుడు కాంతి పెరిగితే తప్పు ఎర్త్‌ది. బల్బు తీగలు నిప్పురవ్వలు రాల్చకుండా, పెట్రోలు తడి లేనిచోటనే ఈ పని చేయాలి.

బల్బు అసలు వెలగకపోతే ముందుకు వెతకాలి. ఫ్యూజు చూడడానికి బాగున్నా దాని కాళ్లు పట్టే గుంటలో తుప్పు ఉండవచ్చు. పంపు రిలేను (పంపుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్చును), అదే నంబరున్న హారను రిలేతో మార్చి చూడడం అందరికీ తెలిసిన ఉపాయమే. ఫోర్డ్ వ్యాన్లు మొదలైన కొన్నింటిలో, ప్రమాదం జరిగినప్పుడు పంపును ఆపేసే కుదుపు స్విచ్ ఉంటుంది. పార్కింగులో ఎవరైనా గట్టిగా తగిలించినా, చక్రం పెద్ద గుంతలో పడినా అది ఎగిరిపోయి ఉండవచ్చు. దాని మీది మీటను నొక్కితే చాలు, కానీ నొక్కే ముందు ఎక్కడా పెట్రోలు కారడం లేదని చూసుకోండి.

కొన్ని వ్యాన్లలో రిలే పోయిందని బండి తీరే చెబుతుంది. పాత జనరల్ మోటార్స్ వ్యాన్లలో పంపుకు ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా రెండో దారి ఉండేది. అందువల్ల రిలే చెడిపోయినా, ఆయిల్ ప్రెషర్ వచ్చేంతసేపు సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకుంటుంది. బాష్ ఎల్-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి ఉన్న 1970ల, 80ల వ్యాన్లలో దీనికి తలకిందుల లక్షణం కనిపిస్తుంది: సెల్ఫ్ కొట్టినంతసేపు స్టార్టర్ కరెంటుతో పంపు నడిచి ఇంజన్ మండుతుంది, కీ వదలగానే ఆగిపోతుంది. గాలిని కొలిచే పెట్టెలోని రెక్క కదిలినప్పుడు పంపుకు కరెంటు ఇవ్వవలసిన స్విచ్ పనిచేయకపోవడం దానికి ఒక ముఖ్య కారణం.

పంపుకు కరెంటు సరిగ్గా అందుతోందని తేలాక, ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేస్తే తిరగడం మొదలైందంటే లోపలి బ్రష్షులు అరిగినట్టు. అది రోగం చెప్పే దెబ్బే కానీ మందు కాదు. ఆ పంపుతో దూరప్రయాణం పెట్టుకోకండి.

ప్రశ్న: మాది మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉన్న పాత డీజిల్ వ్యాను. డీజిల్ ఫిల్టరు మార్చినప్పటి నుంచి ఉదయం స్టార్ట్ అయి పది సెకన్లకు ఆగిపోతోంది. ఆ తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా బాటరీ దిగిపోవడమే తప్ప అందుకోదు. మెకానిక్ గారు ప్రతిసారీ స్టార్టింగ్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేస్తున్నారు. ఇలా చేయవచ్చునా?

జవాబు: ఆ స్ప్రే వెంటనే మానిపించండి. అందులోని ఈథరు చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. డీజిల్ ఇంజనులో హీటర్ ప్లగ్గులు ఎర్రగా కాలి ఉండగా అది లోపలికి వెళితే, పిస్టను పైకి రాకముందే పేలి రింగులు విరగడం, పిస్టను పగలడం జరగవచ్చు. ఇంజను పాడు చేసుకోవడానికి తప్ప మీ వ్యాను రోగానికి దానితో పని లేదు.

మీ బండి లక్షణాలు గాలి పట్టినట్టుగా ఉన్నాయి. రాత్రి గొట్టాల్లో, పంపులో మిగిలిన కాస్త డీజిలుతో ఉదయం ఇంజన్ స్టార్ట్ అవుతోంది. వెనక వస్తున్నది గాలి కాబట్టి పది సెకన్లకు ఆగిపోతోంది. ఈ వ్యాన్లలో ట్యాంకు నుంచి ఇంజెక్షన్ పంపు దాకా ఉన్న దారిలో ఎక్కువ భాగం పీల్చుకునే వైపు ఉంటుంది. అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేలమీద ఒక్క చుక్క కూడా కనిపించదు కనుక లీకు లేదనుకుని అందరూ మోసపోయేది ఇక్కడే. ఫిల్టరు మార్చిన తర్వాతే మొదలైందంటున్నారు కాబట్టి ముందు ఫిల్టరు రబ్బరు రింగు చూడండి. పాత రింగు అడుగున అంటుకుని ఉండిపోగా దానిమీద కొత్తది బిగించడం, రింగు మెలిపడడం, కింద నీళ్లు వదిలే స్క్రూ సరిగా బిగియకపోవడం తరచుగా జరిగే పొరపాట్లు. అక్కడ తప్పు లేకపోతే ఫిల్టరు తర్వాత, ఇంజెక్షన్ పంపుకు ముందు, ఒక జానెడు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బుడగలు వరుసగా పోతూ కనిపిస్తే గాలి దానికి వెనక వైపునుంచి వస్తోంది. ఆ గొట్టాన్నే ఒక్కో జాయింటు దాటిస్తూ ట్యాంకు వైపు జరుపుకుంటూ వెళితే బుడగలు మాయమైన చోటికీ కనిపించిన చోటికీ మధ్యనే తప్పు దొరుకుతుంది. నాజిళ్ల (డీజిలును సిలిండరులోకి చిమ్మే భాగాల) మధ్య ఉండి, మిగిలిన డీజిలును వెనక్కి పంపే సన్నని లీక్-ఆఫ్ గొట్టాలు ఎండి బీటలు వేసినా రాత్రిపూట డీజిలు వెనక్కి జారి ఇదే బాధ పెడుతుంది.

లీకు సరిచేసిన తర్వాత గాలి తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి, చేతిపంపు కొడుతూ, నురగ పోయి శుభ్రమైన డీజిలు వచ్చేదాకా ఆగి, స్క్రూ బిగించాలి. చేతిపంపు క్రమంగా గట్టిపడాలి. ఎంతసేపు కొట్టినా మెత్తగానే ఉంటే ఇంకా ఎక్కడో గాలి పీల్చుతోంది, లేదా ట్యాంకు నుంచి డీజిలే రావడం లేదు. ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గర అదే పని చేసి, చివరికి నాజిళ్ల పైపుల నట్లు అర చుట్టు వదులుచేసి సెల్ఫ్ కొడితే, డీజిలు చిమ్మిన వరుసలో బిగించుకుంటూ రావచ్చు. ఒక్కో విడత 15 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకుండా, మధ్యలో ఒక నిమిషం మోటారును చల్లారనివ్వండి. ఈ చివరి పని పాత మెకానికల్ పంపు బండ్లకే. కామన్ రైల్ డీజిలులో (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ప్రెషర్‌తో డీజిలు అందే కొత్త రకంలో) పైపు నట్టు ఎట్టి పరిస్థితిలోనూ వదులుచేయకూడదు. అక్కడి వందల బార్ల ప్రెషర్‌తో చిమ్మిన సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న సూది గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రిలో శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం అది.

ఇన్ని చేసినా స్టార్ట్ కాకపోతే, సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సరు గొట్టాన్ని గమనించండి. తెల్లని పొగ దట్టంగా వస్తుంటే డీజిలు సిలిండర్లలోకి పోతోంది, కానీ మండడం లేదు. హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, ఇంజెక్షన్ టైమింగు చూడాలి. పొగ ఏమాత్రం లేకపోతే డీజిలు చేరడం లేదు. అప్పుడు పంపు మీద ఉండి, కీ ఆపగానే డీజిలును ఆపేసే స్టాప్ సోలినాయిడ్‌కు కీ ఆన్‌లో 12 వోల్టులు వస్తున్నాయా, తీగ తగిలించినప్పుడు టిక్కుమని శబ్దం వస్తోందా అని చూడండి. ఒక వదులు తీగ వల్ల పంపునే విప్పి రిపేరుకు పంపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: కార్బురేటర్ ఉన్న పాత వ్యాను ఎనిమిది నెలలు కదలకుండా ఉంది. ఇప్పుడు స్టార్ట్ కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన పోయి రంగునూనెలాంటి ఘాటు వస్తుంటే దాన్ని పూర్తిగా తీసేయాలి. కొత్త పెట్రోలు కలిపి నడిపిస్తే ఆ జిగురు కార్బురేటర్ జెట్లలోకి చేరుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది, నీరు మితిమీరితే ఇథనాలుతో సహా విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది కాబట్టి, తీసిన పెట్రోలును గాజు సీసాలో పట్టి రెండు పొరలుగా ఉందేమో చూడండి. పాత రబ్బరు గొట్టాలు ఈ కలయికకు లోపలినుంచి ఊడి, పీల్చినప్పుడు మూసుకుపోయే పొరలా తయారవుతాయి. పైకి బాగున్నట్టు కనిపించినా మార్చేయడమే మేలు.

తర్వాత ఎయిర్ ఫిల్టరు తీసి, ఇంజన్ ఆపి ఉంచి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కించండి. సన్నని ధార చిమ్మితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఉన్నట్టు. చిమ్మకపోతే గిన్నె ఎండిపోయి ఉంటుంది, లేదా సూది వాల్వు ఇరుక్కుని ఉంటుంది. కార్బురేటరుకు వచ్చే గొట్టాన్ని ఊడదీసి డబ్బాలో పెట్టి, స్పార్కు రాకుండా కాయిల్ తీగ తీసి, సెల్ఫ్ కొడితే మెకానికల్ పంపు ఇంజన్ తిరిగే ప్రతి రెండు చుట్లకు ఒక్కసారి దట్టంగా పోయాలి. ఈ కార్బురేటర్లకు 0.2 నుంచి 0.4 బార్ మించి అవసరం ఉండదు కాబట్టి, ఇంజెక్షన్ వ్యాను పంపును తెచ్చి వీటికి తగిలిస్తే సూది వాల్వు తట్టుకోలేక పెట్రోలు ఇంజను మీదికి పొంగుతుంది. ధార రాకపోతే ఆయిల్ కడ్డీ తీసి వాసన చూడండి. పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిలులోకి దిగుతుంది; కడ్డీ మీద పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం గీత దాటి ఉన్నా, పంపు, ఆయిలు రెండూ మార్చేదాకా మళ్లీ సెల్ఫ్ కొట్టకండి.